మూత తీసిన చెయ్యి

దేవకుమార్ గాజుబల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి, మూడు లెన్సులూ వరసగా పెట్టాడు. పక్కన చిన్న కెమెరా. అర్జునరావు వెంటనే ముట్టుకోలేదు. ముందు చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. పాత పోస్టాఫీసు సందులో దేన్ని ముట్టుకున్నా వేళ్లకి ఎర్రపొడి అంటుకుంటుంది. హార్బరులో ఇనపరాయి ఓడకెత్తే రోజున మరీను. దేవకుమార్ పొద్దున్నా సాయంత్రం బల్ల తుడుస్తాడు. తుడిచిన గుడ్డ పిండితే ఎర్రనీళ్లు కారతాయి.

"మెడకేసి సూడు బావా," అన్నాడు దేవకుమార్.

అర్జునరావు పట్టీ మెడలో వేసుకున్నాడు. బరువు తెలియలేదు. తెలియకపోవడంతోనే భయం వేసింది. ఇన్నేళ్లూ అతని మెడ మోసింది స్టూడియోవారి రోలు కెమెరాని. రెండు కళ్లది. తల వంచి పైనుంచి తొంగిచూస్తూ తీసేది. దాని బరువు పొట్టకి ఆనుకుంటే చెయ్యి వణకదు. దాంతో పాటు మూడు కాళ్ల స్టాండు, ఫ్లాషు, ఫ్లాషుకి బ్యాటరీ పెట్టె. పెళ్లికని మద్దిలపాలెంలో రిక్షా ఎక్కితే సామాను కూచునేది, అర్జునరావు వెనకాల నడిచేవాడు.

ఇప్పుడు వెళ్లాల్సింది పెళ్లికి కాదు. కిరండూలు బండిలో కొండలెక్కి, చిన్న స్టేషన్లో దిగి, అక్కణ్ణించి నడక. జీపు పోదు. సైకిలు కూడా పోదు. ఒక ఆఫీసువాళ్లు కొండల్లో ఊరికొక ఇల్లు చొప్పున ఆవుల్ని ఉచితంగా పంచుతున్నారు. పంచినట్టు రుజువుగా ఇంటిమనిషినీ ఆవునీ కలిపి ఫోటో తీసి పైకి పంపాలి. ఆ పని చూసే సూపర్‌వైజరు రమణమూర్తి టౌనులో స్టూడియోలన్నీ తిరిగాడు. ఆ బరువులు నెత్తిన పెట్టుకుని కొండ ఎవడెక్కుతాడు? ఒకడికి ముహూర్తాలున్నాయి, ఒకడికి నడుం పట్టేసింది. మద్దిలపాలెం ఓనరు మాత్రం నవ్వి, లోపలి గదిలో నెగెటివ్‌ల మీద పెన్సిలు పెట్టుకుని కూచున్న అర్జునరావుని చూపించాడు. ఓనరు కొడుకు కెమెరా పట్టుకున్నాక ఆ స్టూడియోలో అర్జునరావుకి మిగిలిన పని అదే, పెళ్లికూతుళ్ల మొటిమలు చెరపడం.

ఈ ఒక్క విడత ఫోటోలు బాగా వస్తే ఏజెన్సీ కొండల్లో అన్ని ఊళ్లూ నీకే అన్నాడు రమణమూర్తి. సొంత పని. ఫోటో వెనక స్టాంపులో సొంత పేరు. ఆ మాట విన్న దగ్గర్నించి అర్జునరావుకి అన్నం సరిగా లోపలికి పోవడం లేదు.

దేవకుమార్ ఓడవాళ్లు అమ్ముకుపోయిన కెమెరాలు బాగుచేసి అమ్ముతాడు. పని ఖాయమయ్యేదాకా కెమెరా ఊరికే వాడుకో, ఖాయమయ్యాక మాట్లాడుకుందాం, లేకపోతే తెచ్చి ఇచ్చెయ్ అన్నాడు. ఏది తీసుకోవాలో మాత్రం నువ్వే చూసుకో అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. ఒకరు మెళ్లో పెట్టిందే మోసిన మనిషి, ఎంచుకోమంటే ఏం ఎంచుకుంటాడు?

పొడుగు లెన్సు ఎత్తి వీధి వెలుతురు వైపు పెట్టి చూశాడు. లోపల గాజు అంచున సాలెగూడులాగా సన్నటి బూజు. సముద్రపు తేమకి ఈ ఊళ్లో లెన్సులకి పట్టే జబ్బే. పైగా బరువు. మామూలు లెన్సు ఎటూ కెమెరాతోనే ఉంటుంది. మూడోది పొట్టిగా, ముందు గాజు ఉబ్బుగా ఉంది. దాన్ని బిగించి చూస్తే కొట్టు మొత్తం అందులో పడింది. బల్ల, దేవకుమార్, గోడ మీద ఏసుప్రభువు క్యాలెండరు, గుమ్మం బయట సోడాబండి దాకా. దగ్గరనుంచే అంతా పట్టుకుంటుంది. కొండమీద ఇళ్ల ముందు వాకిలి ఉంటుందో ఉండదో. వెనక్కి జరగబోతే లోయ. ఆవు అంటే పొడుగాటి జంతువు. మామూలు లెన్సుకి తోక పడితే మొహం పడదు.

అతను ఇలా కిందామీదా పడుతుండగా రమణమూర్తి వచ్చి స్టూలు లాక్కుని కూచున్నాడు. నలిగిన తెల్లచొక్కా, చంకలో రెక్సిన్ సంచీ. సంగతి విని పొడుగు లెన్సు మీద వేలు పెట్టాడు.

"ఇది పట్రా. మనిషి మొకం, ఆవు మొకం పడితే సాలు. సుట్టుపక్కలు మనకెందుకు?"

దానికి బూజు పట్టిందని అర్జునరావు చూపించాడు. రమణమూర్తికి కనిపించలేదు. రెండోది మోయడం దేనికి, బరువు తక్కువ ఉండాలనేగా ఈ గోలంతా అన్నాడు. నిజమే. అయినా అర్జునరావు చెయ్యి పొట్టిదాన్ని వదల్లేదు. చివరికి మామూలుదీ పొట్టిదీ రెండూ గుడ్డలో చుట్టుకున్నాడు. రమణమూర్తి మొహం ఎందుకు ముడుచుకుందో అప్పుడు అతనికి తెలియలేదు.

లేవబోతుంటే దేవకుమార్ మణికట్టు పట్టుకుని ఆపాడు.

"ఒక్క మాట బావా. నువ్వు రోలు మనిషివి. రోలు అయిపోతే మూత తీసి, కాయితం నాలికతో తడిపి అంటించేత్తావు. ఇది రీలు. అయిపోగానే అడుగున ఈ బొత్తాం నొక్కి, ఈ పిడి తిప్పి, మొత్తం డబ్బీలోకి ఎనక్కి సుట్టాలి. అప్పుడే ఎనక మూత తియ్యాల. ముందే తీసావా, పడ్డ ఎలుతురుకి అంతా మసి."

ఇదేదో రమణమూర్తికి సరదా పుట్టించింది. ఏదీ, అప్పచెప్పు అన్నాడు. అర్జునరావు బళ్లోంచి చిన్నప్పుడే బయటపడ్డవాడు. బళ్లో నిలబడ్డట్టే నిలబడి, బొత్తాం, పిడి, చుట్టడం, మూత అని వరసగా అప్పచెప్పాడు. రెండుసార్లు చెప్పించుకుని రమణమూర్తి స్టూలు మీంచి లేచాడు.

మర్నాడు పొద్దున్నే అర్జునరావు సింహాచలం మెట్ల దగ్గరికి పోయాడు. దేవుడి కోసం కాదు, ఏ బరువుతో కొండ ఎక్కగలడో చూసుకోవడానికి. ముందు స్టూడియో సామానంతా, కెమెరా, స్టాండు, బ్యాటరీ పెట్టె, నేవీవాళ్ల పాత గుడ్డసంచిలో కూరి వీపుకి కట్టుకుని ఎక్కాడు. సగం మెట్లకి కుడిమోకాలు మడతపడనని మొరాయించింది. గోడకి ఆనుకుని కూచుంటే, పూలమ్ముకునే ఆమె, "ఏటి బాబూ, బరువు మొక్కా?" అని అడిగింది. అవునన్నాడు. కాదంటే ఇంకా చెప్పాల్సి వస్తుంది. కిందికి దిగి, బరువులు ప్రసాదం కొట్టువాడి దగ్గర వదిలి, ఈసారి చిన్న కెమెరా, రెండు లెన్సులు, నీళ్లసీసా, అటుకుల మూటతో ఎక్కాడు. పైదాకా వెళ్లాడు. మోకాలు నొచ్చింది గానీ మాట వింది. పైనుంచి చూస్తే తోటల మధ్య అనాసపళ్లు మోసుకుని దిగుతున్న ఆడవాళ్లు కనిపించారు. పొట్టి లెన్సుతో చూశాడు, మామూలు లెన్సుతో చూశాడు. ఫిల్ము లేదు కాబట్టి ఊరికే నొక్కాడు. ప్రతిసారీ రమణమూర్తి మొహం గుర్తొచ్చింది. బరువైనా సరే, తెలిసిన రోలు కెమెరాయే నయమేమో. ఇది చేతిలో ఉన్నట్టే ఉండదు. దేన్ని నమ్ముకుని నొక్కడం?

ఇంట్లో తాయారు స్టీల్‌ప్లాంటు కట్టే కాంట్రాక్టరు కాంటీనులో వంట చేసి వచ్చి, జుట్టులో సిమెంటు దులుపుకుంటోంది. మొగుడు ఉత్తి కెమెరాని ఒళ్లో పెట్టుకుని బొత్తాం నొక్కి పిడి తిప్పడం, మూత తియ్యడం, మళ్లీ మూసి మళ్లీ తిప్పడం చూసింది.

"కాపీగింజల మిల్లులాగ ఏటది?"

అలవాటు చేసుకుంటున్నానన్నాడు. ఈ పని కుదరకపోతే కెమెరా తిరిగిచ్చెయ్యడమేనా అని అడిగింది. ఇచ్చెయ్యడమే అన్నాడు. కుదిరితే తాను ఆ సిమెంటులోకి పోనక్కర్లేదన్న మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. తాయారు జుట్టు ముడేసుకుని పొయ్యి వెలిగించింది. అతను మళ్లీ మొదట్నించి బొత్తాం నొక్కాడు.

వాల్తేరు స్టేషన్లో బండెక్కినప్పుడు రమణమూర్తి ఒక్కటే రీలు ఇచ్చాడు. ఆఫీసు ఇచ్చింది అంతేనట. నీ రోళ్లు మూడు కలిపితే ఇదొక్కటి, ఏం తక్కువ అన్నాడు. అర్జునరావు బండి కదలకముందే రీలు కెమెరాలో ఎక్కించుకుని, మూత మూసి, రెండుసార్లు తిప్పి చూశాడు. ఫిల్ము నడుస్తుంటే పైన పిడి కూడా తిరగాలి. తిరిగింది. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యాయి. ఒకటి తరవాత ఒకటి సొరంగాలు. ఎదురుగా ఇనపరాయి బళ్లు హార్బరుకి దిగుతున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా అతను కెమెరాని చొక్కాలో దాచుకున్నాడు. చీకటికి ఫిల్ము పాడవదని తెలుసు. అయినా దాచుకున్నాడు.

దిగిన చిన్న స్టేషన్ బయట ఒక మనిషి ఆవుని పట్టుకుని నిలబడ్డాడు. ఎర్రావు. కుడికొమ్ము కిందికి వంగి చెవిని తాకుతోంది. కడుపు రెండు పక్కలా ఉబ్బి ఉంది. చూడావు. ఇవాళ వెళ్లే మొదటి ఊరికి ఇచ్చే ఆవు కాబోలనుకున్నాడు అర్జునరావు. మిగతావి ముందే ఊళ్లకి చేరి ఉంటాయనుకున్నాడు.

మొదటి ఊరు రెండు గుట్టల అవతల. వాకిళ్లు అతను భయపడినట్టే ఉన్నాయి, ఇంటిముందు నాలుగడుగులు, ఆ తరవాత వాలు. పొట్టి లెన్సు బిగించాడు. ముసలాయన ఆవు పక్కన నిటారుగా నిలబడ్డాడు. జబ్బ మీద కొత్త తువ్వాలు. ఎవరో పసుపు బొట్టు పెట్టారు ఆవుకి. నొక్కాడు. పిడి తిరిగిందో లేదో చూసుకున్నాడు. మరోటి తీశాడు. అంతా సవ్యంగా ఉంది. ఆ ఊరి నుంచి బయల్దేరుతుంటే ఆవు కూడా వాళ్లతో బయల్దేరింది.

అర్జునరావు వెనక్కి చూశాడు. ముసలాయన తువ్వాలు చేత్తో పట్టుకుని ఇంటి ముందే నిలబడ్డాడు.

రెండో ఊళ్లో ఆవు వీపు మీద దుప్పటి కప్పారు. మొహానికి పసుపు దట్టంగా పూశారు. వంకర కొమ్ము అవతలి పక్కకి వచ్చేట్టు రమణమూర్తి ఆవుని తిప్పించాడు. మూడో చోట దుప్పటి తీసి, బంతిపూల దండ వేసి, మళ్లీ ఇటు తిప్పించాడు. పొట్టి లెన్సులోంచి చూస్తే ఆవుతో పాటు పలుపు పట్టుకున్న మనిషి పడుతున్నాడు. వాడి భుజం మీద మడతపెట్టిన దుప్పటి పడుతోంది. వెనకాల దారిలో, ఆవుని వదల్లేక వెంటబడి వచ్చిన మొదటి ఊరి ముసలాయన కూడా పడుతున్నాడు. రమణమూర్తి వచ్చి లెన్సుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ఇది తీసేసి ఇంకోటి బిగించు అన్నాడు. పొడుగు లెన్సు ఎందుకు కావాలన్నాడో అర్జునరావుకి అప్పుడు అర్థమయింది. కొట్టులో ముడుచుకున్న మొహం కూడా అర్థమయింది. లెన్సు మార్చాడు. వేళ్లు చెమటతో జారాయి.

దారిలో ఊట దగ్గర నీళ్లు తాగేటప్పుడు, కెమెరా గుడ్డతో తుడుస్తూ, మిగతా ఆవులు ఎప్పుడొస్తాయని అడిగాడు. 

"ఎనకాల వత్తన్నాయిలే. నువ్వు ఫోటోలు తియ్యడానికొచ్చావా, ఆవుల్ని కాయడానికొచ్చావా?" అన్నాడు రమణమూర్తి. నవ్వుతూనే అన్నాడు. పలుపు పట్టుకున్న మనిషి నవ్వలేదు.

వెనకాల వస్తున్నాయి. రావచ్చు కూడా. అర్జునరావు ఆ మాట నమ్ముదామని చాలా ప్రయత్నం చేశాడు. ఫోటోలు ముందు వెళ్తేనే గదా ఆవులు కదిలేది, ఆఫీసుల పద్ధతి అలాగే ఉంటుంది గదా అని తనకి తాను చెప్పుకున్నాడు. అన్ని ఊళ్లూ నీకే అన్న మాట చెవిలో ఉంది. తాయారు జుట్టులో సిమెంటు కళ్లల్లో ఉంది. తీస్తున్నది ఫోటో, అంతే. పెళ్లి ఫోటో తీసినవాణ్ణి కాపురం ఎలా ఉందని ఎవరూ అడగరు. అలా అనుకుంటూ ఎక్కాడు, తీశాడు, తిప్పాడు. మోకాలు నొప్పి సంగతి కూడా మర్చిపోయాడు. ఒక్కోచోట ఆవు నడవనని మొరాయిస్తే వెనకనుంచి నెట్టారు. నెట్టినవాళ్లలో అర్జునరావు కూడా ఉన్నాడు.

ఆఖరి ఊరు బూరుగులోవ. నాలుగైదు ఇళ్లు. అక్కడ ఆవు ఇవ్వాల్సింది జోగమ్మ అనే ఆమెకి. నడివయసు మనిషి, మొగుడు లేడు, చేతులు దున్ని దున్ని కాయలు కాసినట్టున్నాయి. ఆమె వాకిట్లో కొత్తపాక ఉంది. పచ్చిగడ్డి కప్పు ఇంకా రంగు మారలేదు. లోపల గుంజ పాతి, కింద ఇసక పోసి, మూల కుడితికి కుండ కూడా పెట్టింది. ఆవు ఇస్తారని కబురు విన్నప్పుడే వేసిందట.

ఆవుని చూడగానే జోగమ్మ లోపలికి వెళ్లింది. చెంబుతో నీళ్లు తెచ్చి ఆవు కాళ్లు కడిగింది. మొహాన ఎండి పెళ్లలు కట్టిన పసుపుని తడిచేత్తో మెల్లగా తుడిచేసింది. ఆ పసుపు ఎందుకు పూశారో ఆమెకి తెలియదు. ఆవుకి దురద పెడుతుందని తుడిచింది. ఆపైన కడుపు మీద అరచెయ్యి ఆన్చి కళ్లు మూసుకుని నిలబడింది.

"తిరుగుతంది," అంది. "ఈ నెల్లోనే ఈనుతాది."

రమణమూర్తి తొందరపెట్టాడు. ఎండ వాలుతోంది, బండి అందాలి. జోగమ్మ పలుపు పాకలో గుంజకి కట్టి, చీరచెంగు భుజం మీదికి లాక్కుని ఆవు మెడ చుట్టూ చెయ్యివేసి నిలబడింది. అర్జునరావు అద్దంలోంచి చూశాడు.  ఈ కెమెరాకి ఆనుకోవడానికి బరువు లేదు. ఊపిరి బిగపట్టి నొక్కాడు. ఫిల్ము జరిపే మీట తిప్పబోతే సగంలో బిగుసుకుంది. రీలు అయిపోయింది.

అయిపోయిందన్నాడు. ఆ మాట కోసమే చూస్తున్నట్టు పలుపు మనిషి వచ్చి గుంజకి కట్టిన పలుపు విప్పడం మొదలెట్టాడు. జోగమ్మ పలుపు వైపు చూసింది, రమణమూర్తి వైపు చూసింది. ఆయన రెక్సిన్ సంచీ మూసుకుంటున్నాడు. ఆమె అర్జునరావు దగ్గరికి వచ్చింది. కోపంగా రాలేదు. తెలియక అడిగే మనిషిలాగే వచ్చింది.

"ఆవు ఫోటోలోనే ఉంటాదా బాబూ?"

అర్జునరావుకి ఆమె మొహం వైపు చూడ్డం చేతకాలేదు. తల దించుకున్నాడు. దించుకుంటే చేతుల్లో కెమెరా ఉంది. ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే ఆమెకి జవాబు చెప్పాల్సి వస్తుంది. చేతులు తమకి తెలిసిన పని వెతుక్కున్నాయి. రోలు అయిపోతే చేసే పని. బొటనవేలు పక్కనున్న గొళ్లెం లాగింది. మూత తెరుచుకుంది. అలవాటు ప్రకారం నాలిక కొంచెం బయటికి వచ్చింది.

తడపడానికి కాయితం లేదు.

నున్నగా మెరుస్తూ ఫిల్ము, దాని మీద నిండుగా ఎండ. నాలిక బయట ఉండగానే అతనికి తెలిసింది. ఠక్కున మూత మూశాడు. మూసిన చప్పుడుకి రమణమూర్తి తలెత్తాడు.

"ఏటయింది?"

 రమణమూర్తి వచ్చి కెమెరా లాక్కున్నాడు. ఏదీ చూడనీ అంటూ మూత తీసి, ఏమైనా మిగిలిందేమోనని ఫిల్ము బారలు బారలుగా బయటికి లాగి, బొమ్మలు కనిపిస్తాయన్నట్టు ఎండకెత్తి పట్టుకుని చూశాడు. లోపలి చుట్టల్లో మిగిలుంటే మిగిలిన కాస్తా కూడా అంతటితో పోయింది. అలా చెయ్యకూడదని చెప్పాలని కూడా అర్జునరావుకి తోచలేదు.

కాసేపటికి అందరికీ అర్థమయింది. మొదటి ఊరి నుంచి తీసినవన్నీ పోయాయని రమణమూర్తి తిట్టిన తిట్లలోనే ఊరివాళ్లకి తెలిసిపోయింది. రెండో రీలు లేదు. ఆవుని మళ్లీ ఊళ్లన్నీ తిప్పాలి. ఆవు అప్పటికే కొత్తపాకలో కాళ్లు ముడుచుకుని పడుకుంది. పలుపు మనిషి తోక మెలిపెట్టినా లేవలేదు. ఇంక నడిపిస్తే దారిలోనే ఈనేస్తుంది, నా మీదికి తేకండి అన్నాడు. రమణమూర్తి గడియారం చూసుకున్నాడు. సరే, వచ్చే సోమవారం కొత్త రీలుతో వస్తాం, అందాకా ఇక్కడే ఉండనీ అన్నాడు.

దిగబోతుంటే జోగమ్మ ఇత్తడి చెంబుతో అర్జునరావుకి నీళ్లు తెచ్చింది. రమణమూర్తికి ఇవ్వలేదు. చెంబు అందిస్తూ, అతని కుడిచేతిని, మూత తీసిన చేతిని, రెండు చేతులా ఒక్క క్షణం పట్టుకుంది.

"నీ సెయ్యి సల్లగుండ," అంది, ఎవరికీ వినపడకుండా.

అతను నీళ్లు తాగాడు. ఆమె ఏమనుకుందో సగం దారిలో గానీ అతనికి తలకెక్కలేదు. ఎక్కాక నడక ఆగింది. వెనక్కి వెళ్లి, అమ్మా, అది నేను కావాలని చేసింది కాదు, చెయ్యి అలవాటు, అంతే, అని చెప్పి రావాలనిపించింది. కింద రమణమూర్తి పిలుస్తున్నాడు. దిగాడు.

బండి కొత్తవలస దాటింది. రమణమూర్తి కిటికీలోంచి బయటికి చూస్తూ, "రెండుసార్లు అప్పసెప్పావు," అన్నాడు. 

తరవాత రోజుల్లో అర్జునరావు స్టూడియోకి వెళ్లాడు, మొటిమలు చెరిపాడు, వచ్చాడు. సంగతి అప్పటికే మద్దిలపాలెం చేరింది. ఓనరు కొడుకు, కస్టమర్ల ముందే, అర్జునరావు మావయ్య ఫిల్ముని ఎండబెట్టి వచ్చాడట, వడియాలనుకున్నాడు కాబోలు అన్నాడు. అందరూ నవ్వారు. అర్జునరావు పెన్సిలు చెక్కుకున్నాడు.   రాత్రి తాయారు అన్నం పెడుతూ, పొరపాటు ఎవరికైనా వస్తుంది, వెళ్లి చెప్పుకుంటే ఆయన మాత్రం మనిషి కాడా అంది.

అదే మంచిదనిపించింది. పొరపాటేగా. అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు. ఆదివారం కెమెరా తీసుకుని దేవకుమార్ కొట్టుకి పోయాడు. దేవకుమార్ చర్చి నుంచి వచ్చి, ఇస్త్రీ చొక్కా మీదే కొట్టు తెరిచాడు. రమణమూర్తి అప్పటికే స్టూలు మీద ఉన్నాడు. బల్ల మీద కొత్త రీలు. దాని పక్కనే బూజు తుడిపించిన పొడుగు లెన్సు. అంటే అర్జునరావు కోసమే కాచుకుని ఉన్నాడు.

అర్జునరావు నిలబడే ఉన్నాడు. దేవకుమార్ ముందే మాట అందుకున్నాడు. రోలు మనిషి అండి, చెయ్యి అలా పోయింది, నేను ఆ రోజే అనుకున్నాను, ఎంతమందికి జరగలేదు అన్నాడు. రమణమూర్తి తల ఊపాడు. ఆయన ఇవాళ కోపంగా లేడు. అలిసిపోయిన మనిషిలా ఉన్నాడు. ఊళ్లో ఇంకెవరూ రామంటున్నారని ఒప్పుకున్నాడు. పెద్ద కెమెరాలు దించి ఈ చిన్నది పట్టుకునేవాడు ఒక్కడూ లేడన్నాడు. రేపు పొద్దున్నే బండి. ఆవు అక్కడే ఉంది, ఇంకా ఈనలేదు, ఈనేలోగా తిప్పెయ్యాలి. పైనుంచి అడుగుతున్నారు. ఏజెన్సీ పనంతా నీకేనన్న మాట మీద ఇప్పటికీ ఉన్నానన్నాడు.

"నాకొక్కటే తెలాల అర్జునరావూ. అక్కడ ఆవుల గురించి నన్నడిగావు. ఆనక మూత తీసావు. తెలిసి తీసినోడితో నాను మళ్లీ కొండెక్కలేను. పొరపాటని ఒక్క మాట సెప్పు, ఇంక ఎత్తను. తెలిసి తీసావా, తెలీక తీసావా?"

దేవకుమార్ వెనకనుంచి చెప్పెయ్ బావా అన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

పొరపాటు అనే మాట అర్జునరావు నాలిక మీదే ఉంది. నిజం కూడా అదే. దారంతా దాన్నే చదువుకుంటూ వచ్చాడు. బల్ల మీద పొడుగు లెన్సు చూశాడు. బూజు పోయి గాజు తేటగా ఉంది. దానితో తీస్తే పలుపు పట్టుకున్న మనిషి పడడు, దుప్పటి పడదు, వెంటబడి వచ్చిన ముసలాయన పడడు, కొత్తగడ్డి కప్పిన పాక పడదు. మనిషి మొహం, ఆవు మొహం. అంతే. కుడిచెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. ఎర్రపొడి అంటలేదు, అయినా తుడుచుకున్నాడు.  బల్ల అంచు పట్టుకున్నాడు.

"తెలిసే తీసాను," అన్నాడు.

రమణమూర్తి అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. ఇంకోసారి అడుగుతాడేమో, అడిగితే ఆ మాట నిలబడుతుందో లేదో అని అర్జునరావుకి భయం వేసింది. ఆయన అడగలేదు. కొత్త రీలు తీసి రెక్సిన్ సంచీలో వేసుకున్నాడు. మద్దిలపాలెంలో నీకు ఆ పెన్సిలు పని కూడా ఉండదు చూసుకో అన్నాడు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చుకుని వెళ్లిపోయాడు.

దేవకుమార్ తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టాడు.

"అబద్దం ఎందుకాడావు బావా?"

 తాయారుకి ఏం చెప్పాలో అర్జునరావుకి ఇంకా తెలియలేదు. ఇంటికి వెళ్లేలోగా ఆలోచించుకోవాలి. వంటకి పోనక్కర్లేదన్న మాట ఆమెతో ఎన్నడూ అనలేదు కాబట్టి వెనక్కి తీసుకోనక్కర్లేదు. అంతవరకు నయం.

"ఆ బరువులెట్టుకుని ఇంకెవుడూ ఎక్కడు," అన్నాడు చివరికి. "ఎవుడో దొరికీలోగా అది ఈనీత్తాది. ఈనినావుని దూడ తోటి ఊళ్లు తిప్పలేరు గదా."

 బయట సందులో సోడాబండివాడు గోలీ కొట్టిన చప్పుడైంది. అర్జునరావు మెళ్లోంచి పట్టీ తీశాడు. పొట్టి లెన్సు గుడ్డలోంచి విప్పి, ముందొక మూత, వెనకొక మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. మామూలుది కెమెరాకే వదిలేశాడు. లోపల శుభ్రం చేసి ఇచ్చేద్దామని కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు గొళ్లెం మీదికి పోయింది. అక్కడే ఆగింది.

లోపల ఫిల్ము లేదు. అయినా కెమెరా బోర్లా తిప్పి, అడుగున బొత్తాం నొక్కి, పిడి లేపి, తిప్పడం మొదలెట్టాడు. లోపల పట్టుకునేది ఏమీ లేక పిడి వదులుగా తిరిగింది. తొందరపడకుండా చివరిదాకా తిప్పాడు. అప్పుడు మూత తీశాడు.